పగ తీరిన మరునాడు



పగ కథలంటే మనకేమీ కొత్త కాదండీ. చిన్నప్పుడు గుడి అరుగు మీద హరికథలు విన్నవాళ్ళం. భీముడు దుశ్శాసనుడి రొమ్ము చీల్చే ఘట్టం వచ్చేసరికి, అంతదాకా కునికిపాట్లు పడుతున్న ముసలమ్మలు కూడా కొంగు సర్దుకుని ముందుకు జరిగి కూర్చోవడం చూసినవాళ్ళం. ఇక సినిమాల సంగతి సరేసరి. తండ్రిని చంపినవాణ్ణి కొడుకు పెద్దవాడై వెతికి పట్టుకోవడం, చివరి రీలులో ఒక గోదాములో ఇద్దరూ కలబడటం, పోలీసులు ఆలస్యంగా రావడం మనకు కంఠోపాఠం. ఇంత పాత సరుకు మీద, ఇంగ్లీషులో, పదహారు పదిహేడేళ్ళ పిల్లల కోసం వ్రాసిన నవలలో కొత్తగా ఏం చెబుతారు అని మీరు అడగవచ్చు. పుస్తకం పట్టుకునే ముందు నేనూ అదే అన్నాను.

ఆ నవల పేరు ‘క్రుక్డ్ కింగ్‌డమ్’. వ్రాసినావిడ లీ బర్డూగో అనే అమెరికన్ రచయిత్రి. 2016లో వచ్చింది. ఇది రెండు భాగాల కథలో రెండోదీ, ఆఖరిదీ. మొదటి భాగం ‘సిక్స్ ఆఫ్ క్రోస్’ 2015లో వెలువడింది. అంటే ఆరు కాకులు అన్నమాట. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి ఈ రెండో భాగం చివరికి వచ్చేసరికి అన్నం మానేసి ఏడ్చింది. పరీక్షలు పెట్టుకుని ఏమిటీ ఏడుపు, ఎవరు పోయారే అని అడిగితే ‘మథియాస్’ అంది. సరే, ఆ పోయినాయన ఎవరో తెలుసుకుందామని కూర్చున్నాను. నా చదువు పదో తరగతి దాకానే. ఐదు వందల పైచిలుకు పేజీల ఇంగ్లీషు పుస్తకం. సాయంత్రం పూట అమ్మాయి చదివి చెప్పేది, మధ్యాహ్నం పూట నేను నిఘంటువు పక్కన పెట్టుకుని మళ్ళీ చదువుకునేదాన్ని. రెండు నెలలు పట్టింది. కూరలు మాడలేదు గాని, ఉతికిన బట్టలు మడతలు పడకుండా మంచం మీద పేరుకున్న మాట నిజం.

కథ జరిగేది కెటర్డామ్ అనే ఊళ్ళో. ఈ ఊరు ఏ పటంలోనూ ఉండదు. వెనకటి హాలండు దేశపు వర్తకుల రోజుల్ని, ఆమ్‌స్టర్‌డామ్ నగరాన్ని మనసులో పెట్టుకుని రచయిత్రి కట్టుకున్న ఊరు. కాలువలు, పడవలు, ఓడరేవులు, గిడ్డంగులు, జూదశాలలు. అక్కడ దేవుడంటే వ్యాపారమే. బేరం కుదిరితే మనిషినైనా కాగితం మీద కట్టేసుకోవచ్చు. మంత్రశక్తి ఉన్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళని గ్రీషాలంటారు. ఒకరు గాలిని కదుపుతారు, ఒకరు నిప్పుని, ఒకరు మనిషి గుండె చప్పుడుని. ఇది మాత్రమే కల్పన. మిగిలినదంతా, అంటే డబ్బున్నవాడు పేదవాణ్ణి ఎలా ముంచుతాడన్నది, మనకు తెలిసిన లోకమే.

కథానాయకుడు కాజ్ బ్రెక్కర్‌కి పదిహేడేళ్ళు. దొంగల ముఠాకి నాయకుడి వంటివాడు. కాలు అవుడు, చేతికర్ర పట్టుకుని నడుస్తాడు. రచయిత్రికి కూడా ఎముకల జబ్బు ఉందనీ, ఆవిడా ఒక్కోసారి చేతికర్ర పట్టుకుంటారనీ తనే చెప్పుకున్నారు. అందుకే కాబోలు ఆ నడకలోని నొప్పిని జాలి చూపించకుండా వ్రాయగలిగారు. మెట్లు ఎక్కేటప్పుడు కాజ్‌కి నొప్పి వేస్తుంది, ఎక్కుతాడు, అంతే. ఈ కుర్రాడు ఎప్పుడూ నల్లటి తోలు చేతితొడుగులు వేసుకునే ఉంటాడు. ఎవరి చర్మమూ తన చర్మానికి తగలకూడదు. తగిలితే కళ్ళు తిరుగుతాయి, కడుపులో దేవుతుంది. ఎందుకంటే దాని వెనక ఒక కథ ఉంది.

కాజ్ పల్లెటూరి రైతు బిడ్డ. తండ్రి పోతే పొలం అమ్మిన డబ్బు తీసుకుని అన్న జోర్డీతో కలిసి పట్నం వచ్చాడు. అప్పుడు అన్నకి పదమూడు, తమ్ముడికి తొమ్మిది. ఊళ్ళో ఒక పెద్దమనిషి పరిచయమయ్యాడు. మంచి ఇల్లు, భోజనానికి పిలిచాడు, కూతురని ఒక పిల్లని చూపించాడు, వ్యాపారంలో పెట్టుబడి పెట్టమన్నాడు. పెట్టారు. ఒకనాడు వెళ్ళి చూస్తే ఇల్లు ఖాళీ. ఆ పెద్దమనిషీ లేడు, ఆ పేరుగల మనిషే లేడు. పిల్లలిద్దరూ వీధిన పడ్డారు. అదే సమయానికి ఊళ్ళో మహమ్మారి వచ్చింది. ఇద్దరికీ సోకింది. అన్న చనిపోయాడు. తమ్ముడు కూడా చనిపోయాడనుకుని శవాల పడవలోకి విసిరేశారు. శవాల మధ్య మెలకువ వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్లవాడు, ఈత కొట్టే ఓపిక లేక, ఉబ్బిపోయిన అన్న శవాన్నే తెప్పలా పట్టుకుని ఒడ్డుకు చేరాడు. చేతితొడుగులు అందుకు. ఆ పెద్దమనిషి అసలు పేరు పెక్కా రోలిన్స్. కాజ్ పెద్దవాడయ్యే నాటికి ఆయన ఊళ్ళోకెల్లా పెద్ద జూదశాలల యజమాని.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఈ ఘట్టం దగ్గర నేను కూడా రెండు రోజులు పుస్తకం మూసి పెట్టాను.

1992లో మా నాన్నగారు ఎకరం పొలం అమ్మిన డబ్బు ఒకాయన దగ్గర చీటీలో పెట్టారు. అక్కయ్య పెళ్ళి కోసం దాచిన డబ్బు. పేరు ఎందుకు లెండి, ఆయన కూడా మంచి మాటకారి. పండక్కి మా ఇంటికొచ్చి అరిసెలు తిని వెళ్ళిన మనిషి. ఒక తెల్లవారుజామున కుటుంబంతో సహా ఊరు విడిచి వెళ్ళిపోయాడు. అప్పుడు మా తమ్ముడికి తొమ్మిదేళ్ళు. వీధిలో నిలబడి, పెద్దయ్యాక వాణ్ణి వెతికి చంపుతానని అందరి ముందూ అన్నాడు. అందరూ నవ్వారు. నాన్నగారు నవ్వలేదు. పదిహేనేళ్ళ తర్వాత తెనాలిలో ఒక పెళ్ళిలో ఆయన మా తమ్ముడికి ఎదురుపడ్డాడు. తెల్లపంచె, చేతికి ఉంగరాలు. తమ్ముడు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. ఆయన చూసి, ‘ఎవరబ్బాయివి నాయనా?’ అన్నాడట. ఎంతో ఆప్యాయంగానే అన్నాడట. తమ్ముడు పెళ్ళిభోజనం చెయ్యకుండా బస్సెక్కి వచ్చేశాడు. ఆనాడు వాడు ఏం చేసి ఉంటే బాగుండేదో నాకు ఈనాటికీ తేలలేదు. కొట్టి ఉండవలసిందని అమ్మ ఒకసారి అంది. పదేళ్ళు గడిచాక, తమలపాకులు తుడుస్తూ, మామూలుగా అంది.

అందుకే ఈ నవలలో నన్ను కదిలించింది మంత్రాలూ మాయలూ కాదు. మొదటి భాగంలో కాజ్ పెక్కా రోలిన్స్‌కి ముఖాముఖి ఎదురుపడితే ఆయనకి ఈ కుర్రాడెవరో తెలియదు. అన్యాయం చేసినవాడికి జ్ఞాపకం ఉండదు, పడినవాడు దానితోనే పెరిగి పెద్దవాడవుతాడు. పగ అంటే చంపడం అని మనం అనుకుంటాం గాని, ముందు ఆ మనిషికి గుర్తు రావాలి కదండీ. గుర్తే లేనివాణ్ణి చంపితే ఏం లాభం? వాడు ఎందుకు చస్తున్నాడో తెలియకుండానే చస్తాడు. రచయిత్రి ఈ చిక్కుని పట్టుకున్నారు. ఈ రెండో భాగమంతా ఆ గుర్తుచెయ్యడం కోసం కట్టిన పెద్ద యంత్రాంగం.

కథ వివరంగా చెప్పను. చెప్పినా నాకు సగం మలుపులు గుర్తుండవు. మొదటి భాగంలో యాన్ వాన్ ఎక్ అనే కోటీశ్వరుడైన వర్తకుడు ఈ ఆరుగురు పిల్లలకి ఒక పని అప్పగించాడు. ఉత్తరాన మంచు కోటలో బందీగా ఉన్న ఒక శాస్త్రవేత్తని దొంగిలించి తీసుకురావాలి. ఆయన కనిపెట్టిన ఒక మందు మింగితే గ్రీషాల శక్తి వందరెట్లవుతుంది, తరువాత వాళ్ళు ఆ మందుకి బానిసలై నశిస్తారు. పిల్లలు ప్రాణాలకు తెగించి వెళ్ళారు. ఆయన అప్పటికే చనిపోయాడు, ఆయన కొడుకుని తెచ్చారు. పని అయ్యాక వర్తకుడు డబ్బు ఎగ్గొట్టడమే కాక, ముఠాలోని ఇనెజ్ అనే అమ్మాయిని ఎత్తుకుపోయాడు. ఇనెజ్ దొమ్మరి కుటుంబంలో పుట్టిన పిల్ల వంటిది. తీగ మీద నడవగలదు, గోడలెక్కగలదు, అడుగు చప్పుడు వినిపించదు. రెండో భాగం మొదలయ్యేసరికి ఆ పిల్ల చీకటి గదిలో బందీ. కాజ్ ఆచూకీ చెప్పకపోతే కాళ్ళు విరగ్గొడతానని వర్తకుడు బెదిరిస్తాడు. తీగ మీద నడిచే పిల్లకి కాళ్ళు పోవడమంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా!

అక్కణ్ణుంచి ఎత్తులూ పైయెత్తులూ. చివరికి కాజ్ వేసిన పెద్ద ఎత్తు ఏమిటో చూడండి. శాస్త్రవేత్త కొడుకుని చర్చిలో, అన్ని దేశాల ప్రతినిధుల ఎదుట, చట్టప్రకారం వేలం వేయిస్తాడు. మరోవైపు ఒక దొంగ వ్యాపార సంఘాన్ని సృష్టించి ఊళ్ళోని వర్తకుల చేత డబ్బు పెట్టిస్తాడు. ఆ సంఘం అధిపతిగా వేషం వేసిన మనిషికి పెట్టిన ఇంటిపేరు రీట్‌వెల్డ్. అది కాజ్ అసలు ఇంటిపేరు. అన్న పోయాక తను వదిలేసుకున్న పేరు. తరువాత ఊళ్ళో మహమ్మారి వచ్చిందని పుకారు పుట్టించి, సైరన్లు మోగించి, రేవు మూయించి, పెక్కా రోలిన్స్ జూదశాలల్లో మనిషన్నవాడు అడుగు పెట్టకుండా చేస్తాడు. తనని ముంచిన మోసం, తన అన్నని తీసుకుపోయిన రోగం, ఆ రెంటినీ ఆయుధాలుగా చేసుకున్నాడన్నమాట. 2016లో ఇది చదివినవాళ్ళకి ఎలా అనిపించిందో గాని, 2020లో తలుపులు వేసుకుని కూర్చున్న మనకి ఆ సైరన్ల పేజీలు ఒళ్ళు జలదరించేలా ఉంటాయి.

ఇక ప్రధాన ఘట్టం. చర్చిలో ఒక మూల కాజ్, పెక్కా రోలిన్స్ ఎదురెదురుగా నిలబడతారు. పెక్కాకి ఒక చిన్న కొడుకున్నాడు. ఊరికి దూరంగా, రహస్యంగా, గారంగా పెంచుకుంటున్నాడు. ఆ పిల్లవాణ్ణి బ్రతికుండగానే మట్టిలో పూడ్చిపెట్టాను అంటాడు కాజ్. ఎక్కడో చెప్పాలంటే మోకాళ్ళ మీద కూర్చోమంటాడు, మా అన్న పేరు చెప్పమంటాడు. అంత పెద్ద మనిషీ కుప్పకూలిపోతాడు. తను ముంచినవాళ్ళు వందలమంది, వాళ్ళలో వీడు ఏ పిల్లవాడో పోల్చుకోలేక కొట్టుకుంటాడు. బ్రతిమాలతాడు. పుస్తకం చదివే మనకి ఆ క్షణంలో ఎవరి మీద జాలిపడాలో అర్థం కాదు. నేనైతే ఆ పిల్లవాడి మీద పడ్డాను. ఊపిరాడక, చీకట్లో, నాన్నా అని పిలుస్తూ ఉంటాడు కదా అనిపించింది.

ఆ పిల్లవాణ్ణి పూడ్చలేదు. అది అబద్ధం. వాడు హాయిగా తన ఇంట్లోనే ఉన్నాడు. ఈ సంగతి ఇనెజ్ అడిగితే తరువాత చెబుతాడు. నిజంగా చంపితే ఒక్కసారే చంపగలడు, తండ్రి మనసులో అయితే ఎన్నిసార్లయినా చంపవచ్చు అన్నది అతని లెక్క. ఈ సన్నివేశాన్ని ‘షాడో అండ్ బోన్’ అనే నెట్‌ఫ్లిక్స్ సీరియల్ రెండో భాగంలో, 2023లో, చూపించారు. చూసినవాళ్ళలో కొందరికి అక్కడ గుర్తుండి ఉంటుంది.

మా అమ్మాయి దీన్ని చదివి చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం భాగవతం గుర్తొచ్చింది. నిద్రపోతున్న ఉపపాండవుల్ని అశ్వత్థామ చంపాడు. అర్జునుడు వాణ్ణి కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేశాడు. ఐదుగురు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి. ఆవిడ ఏమంది? విడిచిపెట్టమంది. నేను ఏడ్చినట్టు వీడి తల్లి ఏడవకూడదంది. భీముడు ఒప్పుకోలేదు. చివరికి అర్జునుడు జుట్టు కోసి, తలమీద మణి ఊడబెరికి, శిబిరం నుంచి వెళ్ళగొట్టాడు. చావుతో సమానమైన అవమానం చేసి ప్రాణం మాత్రం వదిలాడు. కాజ్ చేసిన పని కూడా పైకి చూస్తే అదే. చంపలేదు, మణి తీసుకున్నాడు. పెక్కా రోలిన్స్ కొడుకుని వెంటబెట్టుకుని కెటర్డామ్ విడిచి వెళ్ళిపోతాడు. తేడా అల్లా ఒక్కటే. ద్రౌపది అవతలి తల్లి కడుపు గురించి ఆలోచించింది. కాజ్ అవతలి తండ్రి కడుపులో చెయ్యి పెట్టి తిప్పాడు. పిల్లవాడి ఒంటిమీద గీత పడలేదు నిజమే. కాని ఆ తండ్రి ఇకమీద నిద్రపోగలడా? నిద్రపోకూడదనే కదా కాజ్ కోరిక! మా అమ్మాయి ‘అమ్మా, వాడు జోర్డీని చంపాడు, మర్చిపోయావా?’ అంది. మర్చిపోలేదు. రెండు వైపులా తూగే ప్రశ్న ఇది, ఇంట్లో పిల్లలతో మాట్లాడి చూడండి. మావారు కూడా వార్తలు ఆపి మధ్యలో కలుగజేసుకున్నారు.

ఇనెజ్ గురించి ఇంకా చెప్పాలి. నిజానికి నాకు ఈ పుస్తకానికి నాయిక ఆ పిల్లే. పద్నాలుగేళ్ళప్పుడు సముద్రపు ఒడ్డున ఉన్న తన వాళ్ళ బండిలోంచి బానిసల వ్యాపారులు ఎత్తుకుపోయారు. కెటర్డామ్‌లో టాంటె హెలీన్ అనే ఆడమనిషి నడిపే వేశ్యాగృహానికి అమ్మారు. ఆవిడ ఆ పిల్లని ఏం చేసిందో రచయిత్రి వర్ణించరు. ఆ పిల్ల ఒక అగరు వాసన తగిలితే, ఒక పట్టుబట్ట అంచు కనబడితే బిగుసుకుపోతుంది. అంతే చెబుతారు. ఆ మాత్రం చెబితే చాలు. మన సినిమాల వాళ్ళు ఇది నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఆ పిల్లకీ పగ ఉంది. పైగా కాజ్ కన్న ఎక్కువే ఉండవచ్చు. కాని ఇనెజ్ తనని అమ్మిన ఒక్కడిని వెతకడం లేదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ఓడలన్నిటినీ వెతకాలనుకుంటుంది. ఒక ఓడ సంపాదించి సముద్రం మీద బానిస వర్తకుల్ని వేటాడాలని ఆశ. కాజ్ పగ తీరేది. ఒక మనిషి మోకాళ్ళ మీద పడితే తీరింది. ఇనెజ్‌ది తీరేది కాదు, ఒక ఓడ ముంచితే ఇంకొకటుంటుంది. తీరని పగ మనిషిని తినేస్తుందని పెద్దలంటారు. ఈ పిల్ల విషయంలో అలా కాదు. ఆ పిల్లని నిలబెట్టేదే అది. ప్రార్థన చేసుకుంటుంది, తన కత్తులకి తన దేవతామూర్తుల పేర్లు పెట్టుకుంటుంది, చంపవలసి వస్తే చంపి, తరువాత బాధపడుతుంది.

చివర్లో కాజ్ ఆ పిల్లని ఓడరేవుకి తీసుకెళ్ళి ఒక ఓడ చూపిస్తాడు. నీదే అంటాడు. అప్పటికి ఆ పిల్ల బాకీ కాగితం కూడా చెల్లిపోయింది. ఇక ఎవరికీ బానిస కాదు. అంతటితో ఆగలేదు. రేవులో దిగుతున్న ఇద్దరు మనుషుల్ని చూపిస్తాడు. ఆ పిల్ల అమ్మా నాన్నా. వెతికించి, కబురు పెట్టి, రప్పించాడు. కాజ్ చేతులకి తొడుగులు లేవు. ఇనెజ్ చెయ్యి తన చేతిలో ఉంది. అన్ని దోపిడీలు చేసినవాడు, ఆ తల్లిదండ్రుల్ని చూడగానే, నా టై సరిగ్గా ఉందా అన్నట్టు కంగారు పడతాడు. నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి నాకు.

మనకి ఇక్కడ మరో ప్రశ్న ఉందండీ. ఇనెజ్ అన్నాళ్ళూ ఇంటికి ఉత్తరం వ్రాయలేకపోయింది. అమ్మానాన్నలు నన్ను చూసి ఏమనుకుంటారో, నా చేతులకంటిన రక్తం, నా ఒంటికంటిన మచ్చ చూసి దగ్గరికి తీస్తారో లేదో అన్న భయం. కల్పిత లోకం కాబట్టి ఆ తల్లిదండ్రులు పరుగెత్తుకుంటూ వచ్చారు. మన ఊళ్ళలోనూ పనిపేరు చెప్పి, పెళ్ళిపేరు చెప్పి పిల్లల్ని పట్నాలకి తరలించి అమ్మేసే దళారులున్నారు. పోలీసులు విడిపించి తెచ్చిన పిల్లల్లో కొందరికి ఇంటి గడప దగ్గర ఏం ఎదురవుతుందో మనకి తెలుసు. చుట్టాలేమంటారు, తరువాతి పిల్ల పెళ్ళేమవుతుంది. ఇనెజ్ తల్లి ఆ రేవులో అలా పరుగెత్తినప్పుడు నేను ఆవిడనే చూస్తూ ఉండిపోయాను. కథలో ఆవిడకి మాటలు కూడా లేవు.

తక్కినవాళ్ళ గురించి క్లుప్తంగా చెబుతాను. వైలన్ అనే కుర్రాడు ఆ కోటీశ్వరుడు వాన్ ఎక్ సొంత కొడుకే. తెలివైనవాడు, లెక్కలూ సంగీతమూ రసాయనాలూ వచ్చు, కాని అక్షరాలు చదవలేడు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కలిసిపోతాయి. చదువురాని కొడుకు తన పేరుకి తలవంపులని తండ్రి వాణ్ణి చంపించబోయాడు. వాడి తల్లి చనిపోయిందని చెప్పి, బ్రతికున్న ఆవిడని పిచ్చాసుపత్రిలో పెట్టించాడు. ఆస్తి కాగితాలు మార్చుకోవడానికి. ఈ భాగంలో వైలన్ తల్లి సమాధి చూద్దామని వెళ్ళి, తల్లినే చూస్తాడు. ఆవిడ బొమ్మలు వేసుకుంటూ కూర్చుని ఉంటుంది. నెమ్మదిగా చదివే పిల్లల్ని మొద్దు వెధవా అనే తల్లిదండ్రులు ఈ అధ్యాయం ఒక్కటైనా చదివితే బాగుండును. జెస్పర్ అనే కుర్రాడు తుపాకీలో మేటి, జూదంలో పిచ్చివాడు. చదువుకుంటున్నాడని నమ్మి తండ్రి పొలం తాకట్టు పెట్టి డబ్బు పంపుతూ ఉంటాడు. ఆ రైతు, పాపం, కొడుకుని వెతుక్కుంటూ పట్నం వచ్చి, నిజం తెలిసి, తిట్టడు కొట్టడు, కూర్చుండిపోతాడు. తరువాత కాజ్ అమాయకుడైన ఆ మనిషికే దొంగ వ్యాపారస్థుడి వేషం వేయిస్తాడు. పుస్తకంలో నన్ను బాగా నవ్వించిన భాగం అది.

ఇక మా అమ్మాయిని ఏడిపించిన మథియాస్. ఉత్తర దేశపు సైనికుడు. గ్రీషాలంటే మంత్రగత్తెలు, వాళ్ళని వేటాడి చంపాలి అని చిన్నప్పటినుంచీ నేర్పారు. అతని కుటుంబం గ్రీషాల చేతిలోనే పోయింది. అంటే అతనిదీ పగే. అలాంటివాడు నీనా అనే గ్రీషా పిల్లని ప్రేమించి మెల్లగా మారతాడు. అంతా ముగిసిందనుకున్నప్పుడు, తన దళానికే చెందిన ఒక చిన్న కుర్రాడు వీధిలో ఎదురుపడతాడు. ఒకప్పటి తనలాగే, అదే ద్వేషంతో ఉడికిపోతున్న పిల్లవాడు. మథియాస్ ఆ కుర్రాడికి నచ్చజెప్పబోతాడు. వాడు కాల్చేస్తాడు. పోతూ పోతూ నీనాని అడిగేది, తన దేశంవాళ్ళ మీద కూడా కాస్త దయ ఉంచమని. ఇది అన్యాయమని, అక్కర్లేని చావని చాలామంది పిల్లలు రచయిత్రి మీద కోప్పడుతూ ఉంటారు, మా అమ్మాయి కూడా ఆ జట్టే. నాకు మాత్రం పుస్తకంలో పగ గురించి వ్రాసిన అన్నిటిలో నిజమైనది ఇదే అనిపించింది. కాజ్ పగకి ఎంత తెలివి, ఎంత పథకం! మథియాస్‌ని చంపిన పగకి పథకమే లేదు. నేర్పిన పాఠం అప్పగించాడు ఆ కుర్రాడు. ఊళ్ళలో ఉత్తపుణ్యానికి పోయే ప్రాణాలు ఇలాగే పోతాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పదిహేడేళ్ళ పిల్లలు నలభై ఏళ్ళవాళ్ళలా మాట్లాడతారు. అన్ని ఎత్తులు వేసి, ప్రతి ఎత్తూ విఫలమైనట్టు చూపించి, చివర్లో ఇదీ మా పథకంలోదే అంటే, మూడోసారికి మనం నమ్మడం మానేస్తాం. నడుమ వంద పేజీలు తగ్గించి ఉంటే పుస్తకం చిక్కబడేది. హింస కూడా తక్కువేం కాదు. మొదటి భాగంలో కాజ్ ఒకడి కన్ను పీకేసే ఘట్టం ఉంది. అందుచేత పదిహేనేళ్ళ లోపు పిల్లలకి వద్దంటాను. పై వయసు పిల్లలు ఎలాగూ మనల్ని అడగరు. అడగకపోయినా మనం చదివితే నష్టం లేదు. మొదటి భాగం చదవకుండా రెండోది మాత్రం ఎత్తుకోకండి, ఒక్క ముక్క అర్థం కాదు.

ఆఖరి అధ్యాయం సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. ఇంత కథ నడిపిన ఆరుగురిలో ఎవరి కళ్ళతోనూ కాక, చివరి పేజీలు పెక్కా రోలిన్స్ వైపు నుంచి వ్రాశారు. ఊరు విడిచిపెట్టి పల్లెలోని ఇంట్లో తలదాచుకున్నాడు. మళ్ళీ పట్నం వెళ్ళి అంతా సంపాదించుకోవాలని లెక్కలు వేసుకుంటున్నాడు. ఒక రాత్రి చీకట్లో ఇనెజ్ వచ్చి, ఛాతీ మీద కత్తి మొన ఆనించి, తిరిగి రావద్దని చెప్పి, మాయమవుతుంది. అతను లేచి కొడుకు గదికి పరుగెత్తుతాడు. పిల్లవాడు నిద్రపోతూనే ఉన్నాడు. చేతిలో ఎప్పుడూ పెట్టుకుని పడుకునే బొమ్మ సింహం లేదు. దాని చోట ఒక బొమ్మ కాకి ఉంది.

మా అమ్మాయి ఇక్కడ కూడా చప్పట్లు కొట్టింది. పిల్లవాడికి ఏమీ కాలేదు కదమ్మా అంది. కాలేదు. పొద్దున్నే వాడు లేచి, నా సింహం ఏదని అడుగుతాడు. దానికి ఆ తండ్రి ఏం చెబుతాడు అన్నాను. అది పుస్తకంలో లేదు అంది.